చదరంగపు గళ్ల మొత్తము

చదరంగపు పలకమీద అరువదినాలుగు గళ్లు కలవు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఈ విధముగా గడిగడికిని రెట్టించుచు పోయినచో, కడపటి గడి నిండునప్పటికి పలకమీది గింజల మొత్తము 18446744073709551615 అగును. ఇది ఇరువది అంకెల సంఖ్య. కోట్లలో చెప్పవలెనన్నచో ఒక లక్ష ఎనుబదినాలుగువేల నాలుగువందల అరువదియేడు కోట్ల కోట్లకు పైమాట. రెండును రెండుచే హెచ్చించుచు పోగా పుట్టిన ఈ సంఖ్యలో రెండు అను అంకె ఒక్కచోటనైనను లేకుండుట ఒక విచిత్రము.

ఈ మొత్తమునకు సంబంధించిన కథ ఎరుగనివారు అరుదు. పదుమూడవ శతాబ్దియందు ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు చరిత్రకారుడు తన జీవితచరిత్ర కోశములో దీనిని వ్రాసెను. హిందూదేశమున షిహ్రామ్ అను రాజు ఉండెననియు, దాహిర్ కుమారుడైన సిస్సా అనువాడు చదరంగమును కల్పించి అతనికి సమర్పించెననియు, ఏమి కావలెనో కోరుకొమ్మనగా గళ్లవెంట రెట్టించిన గోధుమలు చాలుననెననియు అందు కలదు. రాజు ఆ కోరికను అల్పమని తలచెను. లెక్కలు కట్టిన ఉద్యోగులు వచ్చి రాజ్యములోని ధాన్యమంతయు చాలదని విన్నవించిరి. షిహ్రామ్ అను పేరుగల రాజు మన దేశచరిత్రలో ఎందును కానరాడు. కథ కథయే.

కాని ఆ గ్రంథకర్త తరువాత చెప్పిన మాట కథకంటె విలువైనది. మొదట తాను ఈ మొత్తమును నమ్మలేదట. అలెగ్జాండ్రియా నగరమున లెక్కలు వ్రాయు ఉద్యోగి ఒకడు కాగితము తెచ్చి, గడివెంట గడి చూపి, నమ్మించెనట. పదునారవ గడిలోని 32768 గింజలను ఒక కొలపాత్రగా ఎంచి, ఆ పాత్రలను పెద్ద కొలతలలోనికిని, కొలతలను గాదెలలోనికిని, గాదెలను పట్టణములలోనికిని మార్చుచు పోగా, అరువదినాలుగవ గడియొక్కటే 16384 పట్టణముల గాదెలను నింపునని తేలెను. అన్ని పట్టణములు లోకమున లేవు గదా అని ఆ ఉద్యోగి వాదము. రాజును మంత్రిని మరచిపోయినను ఈ గుమాస్తాను మరువరాదు. ఈ సంఖ్య చరిత్రలో ముఖ్యపాత్రలు ధరించినవారు చాలవరకు లెక్కలవారే.

ఇబ్న్ ఖల్లికాన్‌కు రెండున్నర శతాబ్దములకు పూర్వమే, సుమారు 1000వ సంవత్సరమున, అల్ బిరూనీ తన కాలగణన గ్రంథములో ఈ సంఖ్యను ఇరువది అంకెలతో తప్పులేకుండ ఇచ్చెను. అప్పటికి ఆయన ఇంకను మన దేశమునకు రాలేదు. ఆయనయు అంకెలు ఒలికించి ఊరకుండక, మొత్తమును సంచులుగను, బరువులుగను, మందలుగను, నదులుగను విభజించుచు పోయి, తుదకు 2305 పర్వతములుగా తేల్చెను. నేటి కొలతలలో చూచినచో, గోధుమగింజ బరువు నలువది మిల్లీగ్రాములని ఎంచినప్పుడు ఈ రాశి సుమారు 73,800 కోట్ల టన్నులు. ప్రపంచమంతటను ఇప్పుడు ఏటేట పండు గోధుమ ఇంచుమించు ఎనుబది కోట్ల టన్నులు. అనగా లోకమందలి రైతులందరు తొమ్మిదివందల యేండ్లకు పైగా, తాము ఒక గింజయు ముట్టక, సిస్సాకే పండింపవలెను.

ఇక తెనుగుదేశమునకు వత్తము. ఈ సంఖ్య ఒక తెలుగు పద్యములో పొదుగబడి ఉన్నది. దానిని రచించినవాడు పావులూరి మల్లన. కమ్మనాటిలోని పావులూరు ఆయన ఊరు; ఆ ఊరికి కరణము. రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరును, ఆ రాజువలన అగ్రహారము పొందిన మల్లనకు మనుమడని మరికొందరును వాదించిరి. ఎట్లు చూచినను పదునొకండవ శతాబ్దియో, పండ్రెండవ శతాబ్ది ఆరంభమో కావలెను. ఆంధ్ర మహాభారతము పుట్టిన ఆ తొలినాళ్లలోనే గణితశాస్త్రము కూడ తెనుగు పద్యమున వెలయుట గమనింపదగినది. మల్లనకు మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. ఆ ఆచార్యుడు జైనుడు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున వర్ధిల్లినవాడు. మల్లన జైనపరములైన ఉదాహరణములను శైవపరముగా మార్చి, తెనుగువారికి తగినట్లు లెక్కలను తీర్చి, సారసంగ్రహగణితమును రచించెను. అది కేవల భాషాంతరీకరణము కాదు.

ఇరువది అంకెలను పద్యములో చెప్పుట ఎట్లు? స్థానముల పేర్లు చెప్పుట ఒక త్రోవ. భాస్కరాచార్యుని లీలావతిలోని పేర్లు పదునెనిమిది స్థానములకు, పరార్ధముతో, ముగియును. మహావీరుడు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు ఇచ్చెను. అందు ఇరువదియవది మహాశంఖము. కనుక మూలగ్రంథము ప్రకారము ఈ సంఖ్యను ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు అని మొదలుపెట్టి చదువవచ్చును. కాని మల్లన ఆ త్రోవ తొక్కలేదు. జ్యోతిషులకు అలవాటైన భూతసంఖ్యల పద్ధతిని గ్రహించెను. లోకమున ఒక్కటిగా ఉన్న వస్తువు ఒకటికి గుర్తు, నాలుగుగా ఉన్నది నాలుగునకు గుర్తు. చంద్రుడు ఒకటి; అగ్నులు మూడు; మన్మథుని బాణములు ఐదు; కులపర్వతములు ఏడు; దిగ్గజములు ఎనిమిది; దేహమునందలి రంధ్రములు తొమ్మిది; ఆకాశము సున్న. చదువుటలో ఒకట్ల స్థానము ముందు, పెద్ద స్థానము వెనుక. కావున మల్లన పద్యము బాణముతో మొదలై చంద్రునితో ముగియును. మన సంఖ్య చివర 5, మొదట 1 ఉన్నవి గదా.

ఈ సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వచ్చును. మల్లన ఒకసారి వేదములను పిలిచెను, ఒకసారి బ్రహ్మ ముఖములను పిలిచెను, తక్కిన రెండుచోట్ల సముద్రమును రెండు వేరువేరు పేర్లతో పిలిచెను. ఏడు మూడుసార్లు వచ్చును. పర్వతమునకు మూడు పర్యాయపదములు పడినవి. రెండు లేదు కనుక కన్నులకుగాని, పక్షములకుగాని పద్యములో పని లేకపోయెను.

ఇది పాండిత్యప్రదర్శనమని తోచవచ్చును. అట్లు కాదు. తాటాకుమీద గంటముతో గీసిన అంకె ఎంత బలహీనమైనదో వ్రాతప్రతులు చూచినవారు ఎరుగుదురు. పురుగు తిన్నను, లేఖకుడు నిద్రమత్తులో ఉన్నను ఒక అంకె ఎగిరిపోవును; పోయినట్లు తెలియనుకూడ తెలియదు. ఆ పద్యము చంపకమాల. పాదమునకు ఇరువదియొక్క అక్షరములు, గణములు నియతములు, పదునొకండవ అక్షరమున యతి, రెండవ అక్షరమున ప్రాస. ఒక మాట జారినచో ఛందస్సు కుంటును. మొదటి పాదమున యతిస్థానమునందు నిలిచినది ఐదును తెలుపు ఒక బాణవాచకమే. దానిని తీసి వేరొకటి పెట్టినచో యతి చెడును. దాదాపు తొమ్మిది శతాబ్దములు ఎందరో చేతులు మారినను ఈ ఇరువది అంకెలు నేటికిని సరిగా పలుకుచున్నవి. గ్రామలెక్కలు వ్రాసిన కరణమునకు మొత్తము తప్పిపోవుటయన్న ఎట్టిదో తెలియును. ఆ జాగ్రత్తయే ఈ పద్యమున పనిచేసినది.

ఇంతటితో ఆగక మరియొక ముచ్చట చెప్పవలెను. మల్లన లెక్కించిన రెట్టింపునకును, ఆయన ఎన్నుకొన్న వృత్తమునకును చుట్టరికము కలదు. ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను గనుక అక్షరము ఒకటి పెరిగినప్పుడెల్ల వృత్తభేదములు రెట్టించును. ఇరువదియొక్క అక్షరముల పాదమునకు 2097152 భేదములు. అందు చంపకమాల 711600వది. చదరంగపు పలకమీద ఇరువదిరెండవ గడిలోని గింజలెన్నో, ప్రకృతి ఛందమున వృత్తములన్ని. ఛందస్సు తెలిసినవారికి రెట్టింపు కొత్తవిద్య కాదు.

అరువదిమూడు మార్లు రెట్టించి, అన్నిటిని కూడుచు కూర్చుండవలసిన పని కూడ వారికి లేదు. పింగళుని ఛందశ్శాస్త్రమునందే దానికి దగ్గరిదారి కలదు. గుణసంకలితమునకు మహావీరుడును ఆ దారినే చూపెను. అరువదినాలుగును సగము చేయుచు పోయినచో ఆరు అడుగులలో ఒకటి వచ్చును. తిరిగి వచ్చునప్పుడు రెండుతో మొదలుపెట్టి ఆరుమార్లు వర్గము చేయవలెను. 4, 16, 256, 65536, 4294967296, తుదకు 18446744073709551616. ఇందుండి ఒకటి తీసివేసినచో గళ్ల మొత్తము. ఒకటి తీయుట ఎందులకన్నచో, అరువదియైదవ గడి ఉండినచో అందు పడవలసిన గింజలు, అంతకుముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె సరిగా ఒకటి ఎక్కువ. మూడు గళ్లలో ఏడు, నాలుగవదానిలో ఎనిమిది. ఎంత దూరము పోయినను ఇంతే.

ఫలితమును సరిచూచుటకు తొమ్మిదితో శేషము తీయుట మన గణకుల పాత అలవాటు. 65536 అంకెల మొత్తము 25, అనగా శేషము 7. దాని వర్గము 49, శేషము 4. 4294967296 అంకెలు కూడగా 58; దాని శేషమును 4 గనుక సరిపోయినది. నాలుగు వర్గము 16, శేషము 7. ఒకటి తీసివేయగా 6 మిగులవలెను. మన సంఖ్య అంకెల మొత్తము 87. తొమ్మిదితో భాగింప మిగులునది 6. రెండు అంకెలు తమ స్థానములు మార్చుకొన్నచో మాత్రము ఈ పరీక్ష పట్టజాలదు. అచ్చట ఛందస్సే కావలి.

ఇంతవరకు పెద్దతనము. ఇక ఈ సంఖ్య లోపలి కట్టడము చూడవలెను; నిజమైన సొగసు అందున్నది. ఏ వర్గమునుండియైనను ఒకటి తీసినచో మిగులునది రెండు కారణాంకములుగా విడిపోవును. మూలమునకు ఒకటి తక్కువ, మూలమునకు ఒకటి ఎక్కువ. ఎనిమిదెనిమిదులు అరువదినాలుగు, ఒకటి తీసిన అరువదిమూడు, అది ఏడు తొమ్మిదులు. ఆ విధముగా మన సంఖ్య 4294967295 × 4294967297. వీనిలో మొదటిది పలకలో సగము, అనగా తొలి ముప్పదిరెండు గళ్ల మొత్తము. అదియు మరల ఒక వర్గమునకు ఒకటి తక్కువయే గనుక 65535 × 65537 అగును. 65535 విడిపోయి 255 × 257, అది విడిపోయి 15 × 17, పదునైదు మూడైదులు. పలకను సగము, సగములో సగము మడచుచు పోయినట్లు ప్రతి మడతలోను ఒక్కొక్క కారణాంకము రాలుచున్నది. రాలినవి 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ఆరింటికి ఐరోపాలో పెద్ద చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశమున న్యాయాధికారిగా ఉండి తీరికవేళల గణితము చేసిన ఫెర్మా ఈ సంఖ్యలనే 1640లో పరిశీలించి, ఈ వరుసలోనివన్నియు ప్రధానసంఖ్యలని, అనగా ఒకటిచేతను తమచేతను తప్ప భాగింపబడనివని నమ్మెను. రుజువు మాత్రము చూపలేకపోయెను. మొదటి ఐదు నిజముగనే ప్రధానసంఖ్యలు. ఆరవదాని సంగతి దాదాపు నూరేండ్లు ఎవరును తేల్చలేదు. 1729లో గోల్డ్‌బాఖ్ ఈ ప్రశ్నను ఆయిలరు దృష్టికి తెచ్చెను. 1732లో ఆయిలరు 4294967297ను 641 భాగించునని ప్రకటించెను. భాగఫలము 6700417. ఫెర్మా అంతటివాని మాట మూడంకెల సంఖ్యచే కూలిపోయెను. ఆ సంఖ్యను భాగింపగల ప్రధానసంఖ్య ఏదైనను అరువదినాలుగు గుణిజమునకు ఒకటి ఎక్కువ కావలెనని ఆయిలరు కనుగొనెను. ఇచ్చటను అరువదినాలుగే. 193, 257, 449, 577 కాకపోగా, ఐదవ ప్రయత్నమున 641 తగిలినది. కనుక చదరంగపు మొత్తమునకు ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండుమార్లు రాదు. అందువలన దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు నూట ఇరువదియెనిమిది. తొలి ఐదు ఫెర్మా ప్రధానసంఖ్యలును ఇందే ఇమిడి ఉన్నవి. వానిని మించి ఆరవది ఇంతవరకు ఎవరికిని దొరకలేదు.

పదునేడు అను కారణాంకము 1796 మార్చి 30వ తేదీన కీర్తికెక్కెను. పందొమ్మిదేండ్లు నిండని గౌస్, రూళ్లకర్ర, వృత్తలేఖినుల సాయముతోనే పదునేడు సమభుజముల ఆకృతిని నిర్మింపవచ్చునని ఆనాడు తెలిసికొనెను. రెండువేల యేండ్లుగా ఎవరికిని తోచని విషయమది. అట్లు నిర్మింపదగిన, బేసిసంఖ్యలో భుజములుగల క్రమాకృతులు ఇంతవరకు తెలిసినవి ముప్పదియొకటి. ఆ భుజసంఖ్యలన్నియు చదరంగపు సగము పలక మొత్తమైన 4294967295ను భాగించునవే. అందు పెద్దది ఆ మొత్తమే. యోహాన్ హెర్మెస్ అను జర్మను పండితుడు 65537 భుజముల ఆకృతి నిర్మాణమును వివరించుటకు పదేండ్లు వ్యయపరచెను. ఆ కాగితములు గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమున ఒక పెట్టెలో భద్రముగా ఉన్నవి. చదివినవారు ఎందరో చెప్పుట కష్టము.

ఫెర్మా సంఖ్యల కారణాంకములపై ఆయిలరు నియమమును 1878లో ఇంకను పదునుపెట్టినవాడు ఎదువార్ లూకా. అరువదినాలుగునకు బదులు నూట ఇరువదియెనిమిది చాలునని ఆయన చూపెను. అప్పుడు 257 తరువాత రెండవ ప్రయత్నముననే 641 చేతికి చిక్కును. అంతకు రెండేండ్లకు ముందు ముప్పదితొమ్మిది అంకెల సంఖ్యనొకదానిని ప్రధానసంఖ్యయని యంత్రసహాయము లేకయే నిరూపించిన ఘనుడు. ఆ పండితునికే హాస్యమన్నను ప్రీతి. 1883లో ఆయన ఒక ఆటవస్తువును విక్రయమునకు పెట్టెను. మూడు కడ్డీలు, ఒకదానిమీద పెద్దది క్రింద, చిన్నది పైన ఉండునట్లు గుచ్చిన బిళ్లలు. చిన్నదానిపై పెద్దది పెట్టక, ఒక్కొక్క బిళ్లనే తీయుచు, అన్నిటిని వేరొక కడ్డీకి మార్చవలెను. బిళ్ల ఒకటి పెరిగినప్పుడెల్ల కదలికలు రెట్టించి ఒకటి ఎక్కువగును. అరువదినాలుగు బిళ్లలకు కావలసిన కదలికలు సరిగా చదరంగపు మొత్తమే. లూకా తన పేరు చెప్పక, అక్షరములు తారుమారు చేసి, సయాము దేశపు ‘క్లౌస్’ అను కల్పితుని పేర ఆ బొమ్మను వెలువరించెను.

మరుసటి యేట ఆన్రీ ద పార్విల్ అను రచయిత ఒక ఫ్రెంచి పత్రికలో దానికి కథ తొడిగెను. కాశీలోని మహామందిరమున, భూమికి నడిబొడ్డున, వజ్రపు సూదులు మూడున్నవట. సృష్టికాలమున బ్రహ్మ ఒకదానిమీద అరువదినాలుగు బంగారు బిళ్లలు గ్రుచ్చెనట. పూజారులు రాత్రింబవళ్లు వానిని మార్చుచున్నారట. పని ముగిసిననాడు గుడియు, పూజారులును, లోకమును ఒక్క ఉరుముతో అంతమగునట. కాశికి పోయినవారెవరును ఆ సూదులను చూడలేదు. అట్టి గుడి లేదు. ఐనను రౌజ్ బాల్ 1892లో వెలువరించిన వినోదగణిత గ్రంథము ద్వారా ఈ కల్పన ఇంగ్లీషులోనికి పాకి, అటనుండి లోకమందలి పాఠ్యపుస్తకములలోనికి ఎక్కెను. మన బాలురు మన కాశినిగూర్చి ప్యారిసులో అల్లిన కథను విదేశపుస్తకములనుండి నేర్చుకొనుట వింతయే. అందు కోపగింపవలసినది లేదు; లెక్క సరియైనదే, వినోదము నిర్దోషమైనదే. కాని ఆ కథను చదివినవారిలో వందకొక్కడైనను పావులూరి మల్లన పేరు విన్నాడా? లేని గుడి లోకప్రసిద్ధము. ఉన్న పద్యము మనలోనే అపరిచితము. మల్లన గణితములో ఒక్క పద్యమునైనను గణితపు గంటలో చెప్పుటకు ఏ అడ్డంకియు లేదు.

పార్విల్ పూజారులు క్షణమునకొక బిళ్లను మార్చుదురనుకొన్నను వారికి 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. మన పురాణముల కల్పము 432 కోట్ల సంవత్సరములు. ఆ లెక్కన బ్రహ్మకు నూట ముప్పదియైదు పగళ్లు గడచినను పని కొంత మిగిలియే ఉండును.

నేటి గణకయంత్రములలో ఒక సంఖ్యను నిలుపుటకు సాధారణముగా అరువదినాలుగు గళ్లు ఉండును. ఒక్కొక్క గడిలో సున్నగాని ఒకటిగాని పట్టును. అన్ని గళ్లలోను ఒకట్లు నిండినప్పుడు యంత్రము తెలుపు సంఖ్య 18446744073709551615. అంతకు మించినది ఆ వరుసలో పట్టదు. దానికి ఇంకొక్కటి చేర్చినచో అరువదినాలుగు గళ్లును ఒక్కసారిగా సున్నలగును.